చచ్చినోళ్ళ నంబర్లు

"ఏమ్మే, ఇది మళ్ళా నిల్చిపోయింది, చూడు," అంటూ దేవరాజు ఫోను నంబర్లు దాచుకునే ఆర్గనైజర్‌ను చపాతీ పీట పక్కన పడేసినాడు. ప్రేమకుమారి చేతుల నిండా పిండి. కడుక్కునేదాకా ఆగే ఓపిక ఆయనకు ఎప్పుడుంది గనక!

నిజానికి ఆ అరచేతి మిషను ఆమెదే. కువైట్ నుంచి అన్న దేవపాలు చెల్లెలికని పంపితే, "ఇంట్లో ఉండేదానికి ఇదెందుకు" అని మొగుడు జేబులో వేసుకున్నాడు. జమ్మలమడుగులో ఆయన కొలిచే ఫ్యాక్షన్ నాయకుడి మనుషుల నంబర్లన్నీ దాంట్లోనే. ఆయన స్నానానికి పోయినప్పుడల్లా దాన్ని తీసి, దాంట్లోనే ఓ మూల ఆమె కంప్యూటర్ పాఠాలు రాసుకునేది. పెళ్ళికి ముందు తను పనిచేసిన ప్రొద్దుటూరు కంప్యూటర్ సెంటరువాళ్ళు, ఆడపిల్లలకు అర్థమయ్యేట్టు పాఠాలు రాసి తెస్తే సోమవారం నుంచి మళ్ళీ చేరమన్నారు.

తెరిచి చూస్తే మెమరీ నిండిపోయింది. పేర్ల డేటాబేసు చెడిపోయి, ఒకరి పేరు కింద ఇంకొకరి నంబరు వస్తోంది. సరిచేయాలంటే కొంత జాగా ఖాళీ చేయాలి.

"చనిపోయినోళ్ళవి తీసేస్తే చాలప్పా. శానామంది ఉండారు," అంది మొగుడితో.

"మనోళ్ళ పేర్లు మనమే తుడిపేస్తే అవతలోళ్ళు గెలిచినట్టే గదా. నీ పాఠాలుండాయిలే, అవి తీసెయ్. ఎవరు చదువుతారు వాటిని? ఆడ మా లీడరన్న ఎదురు చూస్తాండాడు."

కాదనొచ్చు. అనలేదు. ముందు కాగితం మీదికి ఎక్కించుకుందామన్న ఆలోచన కూడా రాలేదే, పాపిష్టి బుర్రకు! తీసేయమంటావా అని మిషను అడిగితే, తన వేలితోనే అవునని నొక్కింది. ఆయనే తుడిపేసి ఉంటే ఆయన్ను తిట్టుకునేది. ఇప్పుడెవర్ని తిట్టుకోవాలి? చెప్పిందల్లా చేసే అలవాటు తనకు ఎప్పుడు పట్టుకుందో గుర్తుకు రాలేదు.

పేర్లు సర్దుకున్నాయి. సరిగ్గా వచ్చాయో లేదోనని వరసగా చూస్తూ పోయింది. పోయినేడు పులివెందుల దారిలో అవతలోళ్ళు నరికేసిన ఏలీయా ఉన్నాడు. బాంబు పడి పోయిన రహమతుల్లా ఉన్నాడు. ఇంటి ఫోను నంబరు కాడికొచ్చి ఆగింది. అక్కడ "ఇల్లు" అని ఉంది.

"నా పేరు పెట్టలేదేందప్పా?"

"ఇంటికి చేస్తే ఎత్తేది నువ్వే గదా, పేరెందుకు?" అన్నాడు దేవరాజు. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగినాడు.

మిషను జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. పోయిన పాఠాలు మళ్ళీ అట్లే రావని ఆమెకు తెలుసు. రాకపోతే పాయె, నోటితోనే చెబుతానని సెంటరాయన్ను అడగాలనుకుంది.

"సోమవారం నుంచి పగటిపూట ఆ నంబరుకు చేయొద్దప్పా," అంది. "ఎవరూ ఎత్తరు."