రైట్ సైజు

"చూస్తూ ఉండవే, ఈ వారం మా లైన్లో ఎవరికో ఒకరికి దారం తెగుతుంది," అంది తల్లి, డబ్బా మూత బిగిస్తూ.

కుట్టు ఫ్యాక్టరీలో పని ఊడటాన్ని దారం తెగటం అంటారు. ఆ మాట ఆవిడ నోట రోజూ వినేదే గనక కూతురు తల దువ్వుకోవటం ఆపలేదు.

"నీకు రోజూ ఎవరికో తెగుతూనే ఉంటుందిలే అమ్మా. మిషను తుమ్మితే చాలు, నీకిక్కడ గుండె ఆగుతుంది."

ఆవిడ పంతొమ్మిదేళ్లుగా మూడో లైన్లో చొక్కాలకు కాలర్లు కుడుతోంది. కింద హాల్లో ఎవరి పేరుతోనూ ఎవరికీ పని లేదు. ఏది కుడితే అదే పేరు. ఆవిడ కాలరు. పక్కన జేబు, వెనక కఫ్. ఆ చివర బొత్తాల రంధ్రాలకు కాజాలు వేసే మనిషి ఆవిడకు సొంత తోడికోడలు. ఇంట్లో ఏ వరసైనా, లైన్లో మాత్రం కాజాయే.

కూతురు అదే ఫ్యాక్టరీ మేడ మీద ఆఫీసులో టైపు చేస్తుంది. మేడ మీది భాష వేరు. "నన్ను లూప్‌లో పెట్టండి సార్" అని కూతురు ఫోన్లో అన్నప్పుడల్లా తల్లి, "నిన్నెక్కడ పెడతారే, ప్యాంటు లూపులోనా?" అనేది. "నువ్వు ఏడో క్లాసు దాటి ఉంటే తెలిసేదిలే," అనేది కూతురు. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ సోమవారం పొద్దున కూడా ఫోను మోగింది. "మూడో లైను రైట్ సైజింగ్ కదా సార్. శుక్రవారానికి అయిపోతుంది," అంది కూతురు.

తల్లి చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండు నెలలుగా మూడో లైను చొక్కాలు పెట్టెలకు పెట్టెలు వెనక్కొస్తున్నాయి. లేబులు మీద మీడియం, తొడిగితే స్మాలు. కటింగు వాళ్ల తప్పు కుట్టేవాళ్ల నెత్తిన పడింది. ఆవిడ భయమంతా దాని గురించే.

"మా లైను సైజులు సరిచేస్తున్నారా?"

కూతురు ఫోను కింద పెట్టి, "ఊఁ," అంది.

"మంచిదేగా?"

"కంపెనీకి మంచిదే. నువ్వు ఎవరితోనూ అనకు."

అనకుండా ఉండటం ఆవిడ వల్ల అయ్యే పనా? చెడ్డ మాటే ఆవిడ కడుపులో దాగదు. ఇక ఏళ్ల తరబడి వెతగ్గా దొరికిన మంచి మాట దాగుతుందా?

మంగళవారం మెట్ల కింద డబ్బాలు విప్పుకున్నప్పుడు కాజా గొంతు తగ్గించింది. "అక్కా, రోడ్డవతలి ఫ్యాక్టరీలో నన్ను రమ్మంటున్నారు. గురువారంలోగా చేరాలట. ఇక్కడేమవుతుందోనని ఒకటే గుబులుగా ఉంది."

మామూలుగా అయితే ఆవిడ ఇద్దరి భయమూ తనే పడేది. ఆ రోజు మాత్రం నింపాదిగా ముద్ద మింగి, "నువ్వెక్కడికీ వెళ్లొద్దు. మన లైన్లో సైజులు సరిచేస్తున్నారు. రైట్ సైజు. మా అమ్మాయి ఫోన్లో అంటుంటే నా చెవులతో విన్నాను. అక్కడికి పోయి మళ్లీ ఓనమాల నుంచి మొదలెడతావా?" అంది.

"నిజంగా భయం లేదంటావా?"

"భయపడొద్దని నేను ఎప్పుడైనా అన్నానా?"

కాజా ఆలోచించి నవ్వింది. "లేదక్కా. నేను కాపరానికి వచ్చాక ఇదే మొదలు. నువ్వే వద్దన్నాక ఇక నాకెందుకు?"

సాయంత్రం రోడ్డు దాటి వెళ్లి, రానని చెప్పి వచ్చింది. ఆ మూడు రోజులూ తల్లికి కంటినిండా నిద్ర పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం మిషన్లు ఆపించి సూపర్‌వైజరు కాగితం విప్పాడు. "రైట్ సైజింగ్, మూడో లైను," అని మొదలెట్టి పేర్లు చదివాడు. ఎవరూ ఎన్నడూ పిలవని పేర్లు కావటంతో ఎవరివో చప్పున తెలియలేదు. జేబు తన పేరు రెండోసారి చదివితే గానీ లేవలేదు. పన్నెండు మందిలో పదకొండు పేర్లు. ఏడోది కాజాది. కాలరు పేరు రాలేదు. ఆవిడ సోమవారం నుంచి ఒకటో లైనుకు వెళ్లాలట.

"రైట్ సైజు అంటే కొలతలు కదా సార్?" అంది ఆవిడ.

"కొలతలేంటమ్మా. ఎక్కువైన మనుషుల్ని తీసెయ్యటం," అన్నాడు అతను, కాగితం మడుస్తూ.

కాజా తన కత్తెర సంచిలో వేసుకుంది. "సైజు బాగానే కుదిరిందక్కా, నీ ఒక్కదానికి," అంది. ఆ అక్కా అన్న పిలుపులో చుట్టరికం లేదు. రోడ్డవతల అడిగితే, నిన్ననే వేరే మనిషిని పెట్టుకున్నామన్నారట.

సాయంత్రం కూతురు వచ్చేసరికి తల్లి కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఆ మాటకు అర్థం నీకు తెలుసు. నేను కొలతలనుకుంటున్నానని కూడా తెలుసు."

కూతురు చెప్పులు విప్పి ఒకదాని పక్కన ఒకటి సర్దింది.

"మీ పిన్ని నా మాట నమ్మి చేతికొచ్చిన పని వదులుకుంది. 'అమ్మా, అది కాదు' అని ఉంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

కూతురు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. గ్లాసు నిండి పొర్లుతున్నా కట్టలేదు. తల్లి లేచి వెళ్లి తనే కట్టింది.

"నా కాలర్లు ఎన్నిసార్లు విప్పి కుట్టించారో నాకు తెలియదా? మీ పిన్ని వేసిన కాజా ఒక్కటి వెనక్కి రాలేదు. పన్నెండు మందిలో ఒక్కర్ని ఉంచుకునేవాళ్లు నన్నెందుకు ఉంచారే?"

కూతురు గ్లాసు తుడిచి గట్టు మీద పెట్టింది. పక్కింటివాళ్లు తలుపు తీసి, మాట్లాడుకుంటూ మెట్లు దిగి, వీధి మలుపు తిరిగారు. వాళ్ల మాటలు ఇక వినపడలేదు. తల్లి వంటింటి గుమ్మం వదల్లేదు.

"ఉంచమని రాసిచ్చింది పిన్ని పేరే," అంది చివరికి కూతురు. "సంతకం పెట్టేవాళ్లు పేర్లు చదవరమ్మా. నేను మార్చి టైపు చేశాను."