లండన్ దాటని డైరీ

ఆదివారం సాయంత్రాలు హెస్టర్ వంటింటి సింకులో రెండు రకాల తెల్లగుడ్డలు ఉతుకుతుంది: కోర్టులో మెడకి కట్టుకునే తన పట్టీలు, కూతురు ఐవీ స్కూలు సాక్సులు. "ఏం బారిస్టరువో! పట్టీలకి గంజి పెట్టుకునేది కూడా నువ్వేనా?" అని నవ్వుతుంది అత్తగారు, తను తాగిన టీ కప్పుని అదే సింకులో పడేస్తూ.

కట్టడాలకి ప్రభుత్వం, మునిసిపాలిటీలు ఇచ్చే అనుమతుల మీద పదిహేనేళ్ళుగా వాదిస్తోంది హెస్టర్. ఒకప్పుడు రేవులు, రోడ్లు, గాలిమరలు. గత మూడేళ్ళుగా మాత్రం అటక మీద గది వేసుకున్నవాళ్ళు, పక్కింటి కిటికీ మీద పోట్లాడేవాళ్ళు. అంతా లండన్‌లోనే, అంతా ఒక్క పూట పనే. తన వెనక చేరినవాళ్ళు సీనియర్లయిపోతుంటే తప్పు తనలోనే వెతుక్కుంది. వాదనలో పస తగ్గిందేమో, కాన్పు తర్వాత బుర్ర మందగించిందేమో అనుకుని, అందరూ పడుకున్నాక పాత తీర్పులు తిరగేసేది. "పెద్ద కేసులు రాకపోతే పోనీలే, హాయిగా ఉందిగా" అనేవాడు భర్త మార్కస్. ఎంత మంచివాడో అనుకునేది. సిగ్గుపడాల్సిన సంగతి ఏదైనా ఉంటే, ఆ అనుకోవడమే.

సోమవారం పొద్దున్న గ్వెన్ ఫోన్ చేసింది. కక్షిదారుల తరఫున బారిస్టర్లని మాట్లాడిపెట్టే సొలిసిటర్, పాత స్నేహితురాలు.

"మళ్ళీ కాదన్నావటే? ఇది నాలుగోసారి. నేనేమైనా అన్నానా నిన్ను?"

"దేన్ని కాదన్నాను?"

ఎక్కడో ఉత్తరాన, నార్తంబర్లాండ్‌లో ఒక పల్లె. ఊరి నెత్తిన క్వారీ తవ్వుతామంటోంది ఒక కంపెనీ. ఆరు వారాల బహిరంగ విచారణ, వచ్చే నెలే. "ఊళ్ళోవాళ్ళు నీ పేరే పట్టుకుని కూచున్నారు. నాలుగింటిలోగా చెప్పు. ఆ తర్వాత ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను, ఏమనుకోకు."

బారిస్టర్లంతా కలిసి నడుపుకునే ఆఫీసు, ఛాంబర్స్‌లో కేసు ఏదైనా గుమాస్తా చేతి మీదుగానే బారిస్టరుకి చేరాలి. హెస్టర్ తిన్నగా గుమాస్తా లెన్ గదికి వెళ్ళి, తన పేరున అతను కేసులు రాసిపెట్టే డైరీ తెరిచి చూపించమంది. కార్న్‌వాల్ రేవు, వేల్స్ గాలిమరలు, యార్క్‌షైర్ రోడ్డు, ఇప్పుడీ క్వారీ. ప్రతిదాని పక్కనా ఒకే మాట: కుటుంబ కారణాలు. రేవు విచారణ జరిగిన వారాల్లో తనేం చేస్తోందో ఆమెకి గుర్తొచ్చింది. అత్తగారి మోకాలి ఆపరేషన్. ఐవీ తలలో పేలు.

"ఎవరు చెప్పారు లెన్?"

లెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మార్కస్ సారే చెప్పారు మేడమ్. మూడేళ్ళ కిందట, మన క్రిస్మస్ పార్టీలో. పాప చిన్నది, దూరాలు పంపొద్దు, ఆవిడకి మొహమాటం, నోరు తెరిచి అడగదు అన్నారు. మీ మాటేగా అనుకున్నాను."

నోరు తెరవడానికే జనం ఆమెకి ఫీజు ఇస్తారు. ఆ ముక్క లెన్‌కి తట్టలేదు, మార్కస్‌కి తట్టలేదు.

"గ్వెన్‌కి ఫోన్ చేసి సరేనని చెప్పండి."

"అలాగే మేడమ్. ఒక్కసారి సార్‌ని కూడా..." లెన్ చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది.

"సార్‌కి నేను చెప్తాను."

అతని ఎదుటే మార్కస్‌కి ఫోన్ చేసి రెండు వాక్యాల్లో చెప్పింది. ఆరు వారాలు నార్తంబర్లాండ్‌లో ఉంటాను. లెన్‌తో నువ్వన్నది తెలిసింది.

"అప్పుడు నువ్వు అలిసిపోయి ఉన్నావు హెస్టర్. నీ మంచికే చెప్పాను."

"అయితే నాతోనే చెప్పాల్సింది."

"సరే, అదలా ఉంచు. మరి ఐవీ? అమ్మ? ఇంత పెద్ద విషయం, మాకు సంబంధించింది, నన్నొక్క మాట అడక్కుండా ఎలా నిర్ణయించేస్తావు?"

సంబంధించినవాళ్ళని అడక్కుండా తీసుకున్న నిర్ణయం చెల్లదని పదిహేనేళ్ళుగా జడ్జీల ముందు వాదిస్తున్నది ఆమే. చాలాసార్లు గెలిచింది కూడా.

"మంచి పాయింటే మార్కస్" అంది హెస్టర్. "నాలుగు కేసుల కిందట చెప్పి ఉండాల్సింది."