కిటికీ వైపు

పెళ్లి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి నిరూపించి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. వాళ్లకా అవసరం రాలేదు. నాకు వచ్చింది.

మా ఆయనకు ఈ దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు ఉంది. ఆయన భార్యగా నాకూ అది కావాలంటే, మాది కాగితాల కోసం చేసుకున్న పెళ్లి కాదని, నిజంగానే కాపురం చేస్తున్నామని చూపించాలి. చూపించలేకపోతే గడువు తీరగానే నేను పెట్టె సర్దుకోవాలి. ఆయన ఇక్కడ, నేను అక్కడ.

ఇలాంటివి చూసిపెట్టే మనిషి ఒకాయన జిరాక్సు షాపు వెనక గదిలో కూర్చుంటాడు. ఇక్కడి మనవాళ్లమందరం ఆయన్ని కాగితాలాయన అంటాం. ముందు నన్ను కూర్చోబెట్టి, వైద్యుడు రోగాన్ని అడిగినట్టు అడిగాడు.

"ఇద్దరూ కలిసి వెళ్లిన ఊళ్లేమైనా ఉన్నాయామ్మా?"

"ఊళ్లు లేవండీ. ఆస్పత్రికి వెళ్లాం."

"పుట్టినరోజులు, విందులు, సినిమాలు?"

"లేవండీ."

"మరి పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరూ కలిసి ఏం చేశారమ్మా?"

"మా అత్తగారికి పక్క మార్చాం."

ఆయన కలం కింద పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. పక్క మార్చడమంటే ఏమిటో ఆయనకేం తెలుసు? నేను కాపురానికి వచ్చేసరికే అత్తయ్య మంచంలో ఉంది. ఒక పక్క పడిపోయింది, మాట సగమే వచ్చేది. ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. అందుకని నేను పగలు, ఆయన రాత్రి పనికి వెళ్లేలా కుదుర్చుకున్నాం. నాది ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీ. దుప్పట్లు మిషన్లోంచి వేడివేడిగా వస్తుంటే అటొకరు ఇటొకరు నిలబడి, కొసలు పట్టుకుని మడత పెట్టాలి. ఆయనది బ్రెడ్డు ఫ్యాక్టరీ. తెల్లారి జుట్టునిండా పిండితో వస్తాడు. నేను లేచిన పక్కలోనే ఆయన పడుకుంటాడు. వారపు సెలవులు కూడా ఇద్దరికీ ఒక రోజున వచ్చేవి కావు, రానిచ్చేవాళ్లమూ కాదు.

మేం కలిసేది గడప దగ్గర. "రెండు ముద్దలు తింది. మందు వేశాను. వీపు మీద పుండు ఎర్రబడింది, చూస్తూ ఉండు" అనేవాడాయన చెప్పులు వేసుకుంటూ. "సరే, మీరు మఫ్లరు మర్చిపోయారు" అనేదాన్ని నేను చెప్పులు విప్పుతూ. మా సరసం అదే. నవ్వకండి. ఆ గడప దగ్గర ఉన్నంత దగ్గరగా మేం ఎప్పుడూ లేము.

చలికాలంలో అత్తయ్య పోయింది. ఇక ఇద్దరం పగటి పనే చేయొచ్చు. ఇద్దరిలో ఒకరం అడిగితే చాలు, మార్చేవాళ్లే. నేను అడగలేదు. ఆయనా అడగలేదు. ముందు గదిలో ఆమె మంచం తీసేసిన చోట గోడ తెల్లగా మిగిలిపోయింది. ఆ గోడను చూస్తూ ఇద్దరం ఒకేసారి కూర్చోవడమంటే నాకు భయం వేసింది. చెప్పుకోవడానికి ఏముంది? మందులు లేవు, పుండు లేదు. గడప దగ్గరి మాటలు కూడా పోయాయి. అప్పగించడానికి మనిషి లేదు కాబట్టి ఆయన ముందు బస్సుకే వెళ్లిపోయేవాడు. నేను వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు, పొయ్యి గట్టు మీద మా వదిన క్యారియరు ఉండేది.

వదిన అంటే మా ఆయన అక్క. పై అంతస్తులో ఉంటుంది. మా ఇంటి తాళం చెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది. అత్తయ్య పోయిన కొత్తలో నాకు పొయ్యి వెలిగించాలంటేనే మనసొప్పేది కాదు. అప్పుడు వదిన అన్నం, కూర పంపడం మొదలుపెట్టింది. తర్వాత కూడా మానలేదు. నేనూ వద్దనలేదు. ఆకలికి సిగ్గేమిటి?

"పోనీ ఫోన్లో రాసుకున్న మాటలైనా చూపించండమ్మా" అన్నాడు కాగితాలాయన. చూపించాను. పాలు అయిపోయాయి. సరే. కరెంటు బిల్లు కట్టారా? కట్టా. కూరలో ఉప్పెక్కువైందని మీ అక్కతో చెప్పండి. చెప్తాలే.

ఆయన కిందికీ పైకీ జరిపి చూశాడు. "ఇందులో ప్రేమ ఎక్కడుందమ్మా?" అన్నాడు. అయినా అచ్చు తీసి ఫైల్లో పెట్టాడు. ఏమీ లేనిచోట ఏదో ఒకటి.

ఫోటోలు లేవు కదా, ఆ పని వదిన నెత్తినేసుకుంది. ఇద్దరం ఒకరోజు సెలవు పెట్టాం. ఒక సంచి నిండా బట్టలు కుక్కి మమ్మల్ని ఊరంతా తిప్పింది. పార్కులో ఒక జత, వంతెన మీద ఒక జత, చెరువు గట్టున ఇంకో జత. పబ్లిక్ టాయిలెట్లలోకి దూరి మార్చుకోవడం, వచ్చి నవ్వడం.

"తమ్ముడూ, భుజం మీద చెయ్యి వెయ్యరా. అది నీ పెళ్లామేరా, పక్కింటావిడ కాదు."

ఆయన వేశాడు. చెయ్యి బరువుగా, బిక్కుబిక్కుమంటూ ఉంది. బొటనవేలికి తెల్లటి కట్టు.

"ఏమైంది?" అన్నాను.

"కాలింది."

బ్రెడ్డు ట్రేలు కాల్చక ఏం చేస్తాయి? "జాగ్రత్తగా ఉండొచ్చుగా" అన్నాను. మాట అక్కడితో అయిపోయింది.

మధ్యాహ్నం బెంచీ మీద కూర్చున్నప్పుడు వదినకు మనస్ఫూర్తిగా ఒక మాట చెప్పాను. "మీ చేతి వంటే నన్ను నిలబెడుతోంది వదినా. ఈమధ్య ఉప్పు కూడా సరిగ్గా కుదురుతోంది."

వదిన నన్ను చూసింది, తమ్ముణ్ని చూసింది. ఆయన చెరువు వైపు తిరిగాడు. "నా చేతి వంటా? ఆఁ, సరేలే, తిను తల్లీ" అని గట్టిగా నవ్వి, చివరి జత బట్టలు నా ఒళ్లో పడేసింది.

ఇంటర్వ్యూ రోజున ఇద్దర్నీ వేర్వేరు గదుల్లోకి పిలిచారు. నాకు ఒకావిడ తగిలింది. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, తన పని తాను చేసుకునే మనిషి. మా ఫోటోలన్నీ బల్ల మీద వరసగా పరిచింది. వాటి కింద వేర్వేరు సంవత్సరాలు వేసింది కాగితాలాయనే. ఒక్కో ఫోటో మీదా వేలు పెట్టుకుంటూ వచ్చింది.

"ఈ కట్టు చూడండి. ఇక్కడా ఉంది. ఇక్కడా ఉంది. ఇన్నేళ్లుగా మానలేదా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. నిజంగా చేసిన కాపురానికి దొంగ సాక్ష్యాలు తెచ్చుకున్న తెలివితక్కువ వాళ్లం మేమే అయ్యుంటాం. ఫోటోలు ఒక్క రోజే తీసుకున్నామని ఒప్పేసుకున్నాను. అత్తయ్య సంగతి, షిఫ్టుల సంగతి చెప్పాను. ఆవిడ తల ఊపుతూ రాసుకుంది.

"మీ ఆయన మంచంలో ఎటువైపు పడుకుంటారు?"

"మధ్యలో."

"మీరు?"

"నేనూ మధ్యలోనే."

ఆవిడ తలెత్తింది. నా మాటలో నవ్వులాటేమీ లేదు. ఉన్నదే చెప్పాను.

"మీ అత్తగారు పోయారు కదా. ఇంకా రాత్రీ పగలూ ఎందుకు పంచుకుంటున్నారు?"

దీనికి కాగితాలాయన జవాబు నేర్పలేదు. అలవాటైపోయింది అన్నాను. ఆ మాట నా చెవికే చప్పగా వినిపించింది.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

హమ్మయ్య, తెలిసిన ప్రశ్న. "పొద్దున నేను ఏదో ఒకటి చేసుకుంటాను. సాయంత్రానికి మా ఆడపడుచు పంపుతుంది."

"మీ ఆయన?"

"ఆయనా! పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా తెలియదండీ మా ఆయనకి." మొగుడి గురించి అన్నీ తెలిసిన ఇల్లాలిలా నవ్వాను కూడా.

"మరి ఆ వేలికి ఏమైంది?"

"ఫ్యాక్టరీలో. ట్రే తగిలి కాలింది."

ఆవిడ రాసుకుంటున్నంతసేపూ నా నవ్వు అలాగే ఉండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, పరీక్ష రాసి వచ్చిన పిల్లల్లా జవాబులు సరిచూసుకున్నాం. పెళ్లి రోజు కలిసింది. అత్తయ్య మందులు కలిశాయి. మంచం మధ్యలో అన్నది కూడా కలిసింది.

"వంట ఎవరని అడిగింది. మీ అక్క అన్నాను. మీరు?"

ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

"మిమ్మల్నే. ఏం చెప్పారు?"

"నేనే అని చెప్పా."

"ఎందుకలా చెప్పారు? లేనిపోని గొప్పలు!"

"గొప్పలేముంది. నేనే కదా చేసేది."

బస్సు ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. నాకు అర్థం కావడానికి ఆ స్టాపు దాటేంత సేపు పట్టింది.

"అక్క మొదట్లో ఒక నెల పంపింది. తర్వాత దానికి మోకాళ్ల నొప్పులు. నువ్వేమో పొయ్యి దగ్గరికి వెళ్లట్లేదు, క్యారియరు ఆగితే ఆకలితోనే పడుకుంటావు. అక్కనడిగి నేర్చుకున్నా. క్యారియరు దానిదే, కూర నాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నిద్ర చెడగొట్టుకోవద్దు, మానెయ్యమంటావు."

నిజమే. అదే అనేదాన్ని.

"వేలు?"

"వేడి మూకుడు తగిలింది."

గట్టు మీద బోర్లించిన మూకుడు తడిగా ఉండటం ఎన్ని సాయంత్రాలు చూశానో. కళ్లుండి ఏం లాభం? ఉప్పెక్కువైందని ఎవరితో చెప్పమన్నానో ఆ మనిషే "చెప్తాలే" అని రాసి, మర్నాడు తగ్గించి వేశాడు. వదిన నోట్లో నువ్వుగింజ నానదంటారు అందరూ. ఈ ఒక్క గింజ ఎలా నానిందో! నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది.

"పెళ్లాం తిండి కోసం నిద్ర మానుకునే మొగుడు, నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పలేడా? ఇప్పుడు చూడండి ఏమైందో!"

"నువ్వు ఒక్కసారైనా అడగలేదుగా" అన్నాడాయన. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

ఉత్తరం వచ్చింది. ఫోటోలు ఒకే రోజు తీసి వేర్వేరు సంవత్సరాలవిగా చూపారని, భర్త రోజువారీ జీవితం గురించి భార్యకు కనీస విషయాలు కూడా తెలియవని, కాబట్టి దరఖాస్తు తిరస్కరిస్తున్నామని. ఎక్కడైనా ఒక అబద్ధం దొరుకుతుందేమో, పట్టుకుని పోట్లాడదామని ఆ కాగితాన్ని పదేపదే చదివాను. దొరకలేదు.

వదిన చెంగు బిగించి కాగితాలాయన మీదికి వెళ్లింది. "నా తమ్ముడే వండుతాడు, నేనే నేర్పాను, ఎక్కడ కావాలంటే అక్కడ చెప్తా" అంది.

"మీరు చెప్తారమ్మా. భార్యే తెలియదని చెప్పిందిగా" అన్నాడాయన. మళ్లీ పెట్టుకోవచ్చట, కానీ దేశం బయటి నుంచే పెట్టుకోవాలట. ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరట.

గడువుకు మిగిలిన రోజులకు ఇద్దరం సెలవు పెట్టాం. ఆ ఇంట్లో మొదటిసారి రెండు కంచాలు ఒకేసారి పెట్టుకున్నాం. ఆయన వండుతుంటే పక్కన నిలబడి చూశాను. ఉల్లిపాయలు లావుగా తరుగుతాడు. ఉప్పు రెండుసార్లు రుచి చూసి, నా మొహం చూసి, మూడోసారి చూస్తాడు. ఉతికిన దుప్పటి కొసలు చేతికిచ్చి మడత పెట్టమంటే మెలి తిప్పేశాడు. తిట్టాను. నవ్వాడు. ఆయన పై పన్ను ఒకటి వంకర అని అప్పుడే చూశాను.

పెట్టె సర్దుకున్నాను. ఫైలు కూడా అందులోనే పెట్టాను, మళ్లీ దరఖాస్తుకు పనికొస్తుందని. పక్కింటివాళ్లు లేచే వేళకు టాక్సీ వచ్చింది. గడప దగ్గర ఆయన నా మఫ్లరు తెచ్చి మెడకు చుట్టాడు. వేలి మీది మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. "దారిలో తిను" అని వదిన క్యారియరు చేతిలో పెట్టాడు.

ఆయన కిటికీ వైపు పడుకుంటాడు. గోడ వైపు నాది. కుడి చెయ్యి తల కింద పెట్టుకుంటాడు, తెల్లవారుజామున దుప్పటంతా లాక్కుంటాడు. ఇప్పుడెవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. అడిగేవాళ్లే లేరు.