గడువు దాటిన బండి

సరిహద్దు గేటు ముందు బళ్ళ వరస ఎండలో కదలకుండా నిలబడి ఉంది. వ్యాను ముందు సీట్లో కూర్చున్న టైలరమ్మ, లోపల చెప్పాల్సిన అబద్ధాన్ని మనసులో వల్లె వేసుకుంటోంది. పెద్ద అబద్ధమేం కాదు. తనకు ఒంట్లో బాగాలేక ఆగిపోయామనీ, అందుకే బండి పర్మిట్ గడువు దాటిపోయిందనీ. పుట్టి బుద్ధెరిగాక జ్వరమని పనెగ్గొట్టిన మనిషి కాదు. ఇప్పుడు లేని కడుపునొప్పికి మొహం ఎలా పెట్టాలో అద్దంలో చూసుకుంటోంది.

"అలా పెట్టకు, ఆముదం తాగినట్టుంది," అన్నాడు మెకానిక్.

"మీ పుణ్యమా అని అదొక్కటే తక్కువ," అంది ఆమె.

మెకానిక్ ఆమె మొగుడు. వాళ్ళ ఊళ్ళో ఒకే షెడ్డులో సగం ఆయన పానాలు, సగం ఆమె కుట్టుమిషను. ఆయన్ని ఊరంతా 'పారెయ్యొద్దు' అంటారు. విరిగిన బోల్టు చూసినా, పగిలిన గొట్టం చూసినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. "పారెయ్యొద్దు, పనికొస్తుంది." ఆమె మాత్రం తక్కువ తిన్నదా? చిన్న గుడ్డముక్క కింద పడితే ప్రాణం గిలగిల్లాడుతుంది. ఇద్దరికీ ఇద్దరే, దేవుడు ఏరి కూర్చి జత చేశాడని జనం నవ్వుకునేవాళ్ళు.

పరాయి దేశంలోకి సొంత బండి తీసుకెళ్తే గేటు దగ్గర తాత్కాలిక పర్మిట్ ఇస్తారు. తెచ్చినవాడే, తెచ్చిన బండినే, గడువులోగా వెనక్కి తీసుకుపోవాలి. బండి వదిలేసి మనిషి ఒక్కడే పోదామంటే పోనివ్వరు. పన్ను ఎగ్గొట్టి అమ్ముకున్నావంటారు. ఈ పర్మిట్ మెకానిక్ పేరు మీద ఉంది. అంటే బండి గేటు దాటితేనే ఆయన గేటు దాటేది. ఆమె పేరు మీద ఏమీ లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బస్సెక్కి పోవచ్చు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమె గుండెల్లో రాయి పడుతోంది. పెళ్ళయ్యాక ఆయన్ని వదిలి ఒక్కర్తీ ఇల్లు చేరిన మనిషి కాదు.

వచ్చింది ఆమె చెల్లెలి కోసం. చెల్లెలికి ఆపరేషన్ అయితే చూసుకోవడానికి వ్యానులో వచ్చారు. ఆమె లేచి తిరిగే వేళకి వ్యాను మూలపడింది. ఇంజన్ పట్టేసింది. చెల్లెలి మొగుడు, అంటే మెకానిక్ తోడల్లుడు, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"అన్నయ్యా, పర్మిట్ అయిపోకముందే ఆఫీసుకెళ్ళి బండి చెడిపోయిందని చెప్పండి. పొడిగిస్తారు. ఏం మార్చినా రాసుకుంటారు."

"నేను మెకానిక్‌నయ్యా! బండి చెడిపోయిందని నేనెళ్ళి ఇంకొకడికి చెప్పుకోవాలా?" అన్నాడు ఈయన.

పౌరుషం అలాంటిది. గేటు దగ్గర చెప్పాల్సిన కడుపునొప్పి కథ పుట్టిందీ ఆ పౌరుషం వల్లే. రేపు బాగవుతుంది, ఎల్లుండి బాగవుతుంది అనుకుంటూండగానే గడువు కాస్తా దాటిపోయింది. చివరికి ఊరవతల ఒక తుక్కు షెడ్డులో సరిపోయే ఇంజన్ దొరికింది. షెడ్డు యజమాని బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయి. తుక్కు అమ్మేవాడికి అంత శుభ్రమైన గోళ్ళేమిటా అని టైలరమ్మకు ఆ రోజే అనిపించింది. వాడు బేరం ఆడలేదు. బిల్లు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఒకే ఒక్క సంగతి అడిగాడు, అదీ మళ్ళీ మళ్ళీ అడిగాడు.

"బండి దేశం దాటి పోతుందిగా? ఇక్కడ తిరగదుగా?"

"పోతుంది బాబాయ్, మాదేం ఈ దేశం కాదు. పర్మిట్ కూడా అయిపోయింది," అన్నాడు మెకానిక్.

"అయితే మరీ మంచిది. దారిలో ఎక్కడా ఆగకండి," అన్నాడు వాడు. తనే పూనుకుని ఇంజన్ అద్దె ఆటోలోకి ఎక్కించాడు.

దాన్ని బిగిస్తున్నప్పుడు ఒక గొట్టం చుట్టూ, క్లిప్పు కింద, కోసుకుపోకుండా చుట్టిన గుడ్డపేలిక కనిపించింది. మెకానిక్ ఊడదీసి ఆమె ఒళ్ళోకి విసిరాడు. "ఇదిగో, నీ వాటా."

ఆమె దాన్ని సబ్బుతో ఉతికింది. నూనె మరక పోయాక నీలం రంగు బయటపడింది, దాని మీద తెల్లటి బాతుపిల్లలు. ఆడపిల్ల గౌను అంచు. ఎవరో చేత్తో కుట్టిన కుట్టు, సన్నగా, ఓపిగ్గా. లోపల మడత ఎక్కువ పెట్టి ఉంది. పిల్ల పెరిగితే విప్పి పొడుగు చేద్దామని తల్లులు పెట్టే మడత. దాన్ని ఎవరూ విప్పలేదు. మడత లోపలి గుడ్డ కొత్తదిలా ముదురు నీలంగా ఉంది.

"ఏమండీ, ఇంకా విప్పని మడత ఉన్న గౌనుని ఏ తల్లయినా కత్తిరిస్తుందా?" అంది ఆమె.

"నీకన్నీ అనుమానాలే. చిరిగుంటుంది, చింపుంటారు."

"చింపింది కాదండీ, కత్తెరతో కోసింది."

ఆయన తల బానెట్ కిందే ఉంది. మాట పెడచెవిన పెట్టాడు. ఆమెకు మనసు కీడు శంకించింది. శంకించినా చేతులు ఊరుకుంటాయా? డ్రైవర్ సీటు వీపు భాగంలో కవరు చిరిగి స్పాంజి బయటికొస్తోంది. ముక్క సరిగ్గా అంతే ఉంది. మడత విప్పకుండా అలాగే, మిషను మీద కుట్టినంత నీటుగా అతుకు వేసేసింది. ఇంజన్ కూత పెట్టి లేచింది. మెకానిక్ చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పర్మిట్ మీద పాత ఇంజన్ నంబరు రాసి ఉంటుందన్న సంగతి ఆ సంబరంలో ఆయనకు తట్టనే లేదు. ఆయన దృష్టిలో ఇంజన్ కూడా టైరు లాంటిదే. పాడైతే మారుస్తారు, అంతే.

వరస కదిలింది. వాళ్ళ వంతు వచ్చింది.

కౌంటర్ వెనక ఆఫీసరు ఒక నడివయసు ఆవిడ. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, టైలరమ్మకు కడుపునొప్పి కథ చెప్పడానికే సిగ్గేసింది. అయినా చెప్పింది. ఆఫీసరు ఓపిగ్గా వింది.

"గడువు దాటినవాళ్ళు రోజూ వస్తూనే ఉంటారమ్మా. జరిమానా కట్టి ముద్ర వేయించుకుంటే సరిపోతుంది. దీనికే ఇంత భయపడిపోయారా?"

అంతే! ఇన్ని రోజులు నిద్ర మానుకుని భయపడింది ఇందుకా? మెకానిక్ ఊపిరి పీల్చుకుని జరిమానా కట్టేశాడు. పెళ్ళాం వంక తిరిగి మీసం దువ్వాడు. ఆవిడ ముద్ర చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి వ్యాను వైపు చూసింది.

"ఒక్కసారి బానెట్ తీస్తారా? నంబరు సరిచూసుకోవాలి, అంతే."

అప్పుడు తట్టింది మెకానిక్‌కి. మీసం మీది చెయ్యి కిందకి దిగింది.

ఆయన దాచలేదు. దాచడం చేతకాదు. ఇంజన్ మార్చాననీ, పాతది తుక్కుకి వేశాననీ గడగడా చెప్పేశాడు. ఆఫీసరు నొచ్చుకోలేదు. "చెప్పుంటే రాసుకునేవాళ్ళం కదా," అంటూ వంగి, టార్చి వేసి, ఇంజన్ మీది అంకెలు చదివి కంప్యూటర్లో కొట్టింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ముద్రని పక్కన పెట్టేసింది.

"లోపలికొచ్చి కూర్చోండి," అంది. గొంతు ఇందాకటంత మెత్తగానే ఉంది.

లోపలి గదిలో బెంచీ, నీళ్ళ కూజా, గోడ మీద ఎండకి వెలిసిపోయిన ఫొటోలు ఉన్నాయి. ఆఫీసరు ఒక ఫొటో కింద ఆగింది.

"మీరు వేసుకున్న ఇంజన్ కూడా తాత్కాలిక పర్మిట్ మీద వచ్చిందే. ఈ గేటులోంచే వచ్చింది. ముద్ర వేసింది నేనే. అది గడువు దాటి చాలా కాలమైంది. బండి బయటికి పోలేదు. బండి తెచ్చినవాళ్ళూ పోలేదు."

ఫొటోలో కారు ముందు నిలబడ్డ ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. ఇద్దరి మధ్య ముందుపళ్ళు ఊడిన పిల్ల నవ్వుతోంది. మోకాళ్ళ కింది దాకా గౌను. నీలం రంగు, తెల్ల బాతుపిల్లలు.

టైలరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్ల తల్లి ఫొటోలో ఒక చెయ్యి గౌను భుజం మీద వేసి, దాన్ని సర్దుతూ ఉంది. పొడుగు కాస్త ఎక్కువైందని సర్దుతోందేమో. ఆ చేతిని చూస్తుంటే టైలరమ్మకు ఏడుపొచ్చింది. పక్కన మొగుడు ఫొటో దగ్గరకి వంగాడు. ఆయనా చూశాడు.

"ఎక్కడ కొన్నారు?" అని అడిగింది ఆఫీసరు.

మెకానిక్ దారి చెప్పాడు. ఊరు దాటాక, కాలవ వంతెన పక్కన, రేకుల షెడ్డు. ఆవిడ ఆ ఊరి పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు వెళ్ళి చూసి తిరిగి చేసినప్పుడు చాలాసేపు వింది. పెట్టేసింది.

"రేకులు కూడా లేవట. ఖాళీ స్థలమట. బిల్లుందా?"

"ఇవ్వలేదండీ."

"గుర్తుగా ఇంకేమైనా ఇచ్చాడా? ఇంజన్‌తో పాటు ఇంకేమైనా వచ్చిందా?"

మెకానిక్ పెళ్ళాం కళ్ళలోకి సూటిగా చూసి, "ఏమీ రాలేదండీ," అన్నాడు. కాపురం మొదలైన నాటి నుంచీ ఆయన అబద్ధమాడగా ఆమె విన్నది అదే మొదలు.

ఆఫీసరు టైలరమ్మ పాస్‌పోర్టు మీద ముద్ర వేసి చేతికిచ్చింది. "పర్మిట్ మీ పేరు మీద లేదు కాబట్టి మిమ్మల్ని ఆపను. విచారణ అయ్యేదాకా ఆయన ఇక్కడుంటారు. బండిని ఇప్పుడే లోపలికి తోయించి పూర్తిగా వెతుకుతారు. మీ బట్టలేమైనా ఉంటే తెచ్చుకోండి. అవతల బస్సుంది."

"ఆయన్ని వదిలి నేనెలా పోతానమ్మా?"

"వెళ్ళవే," అన్నాడు మెకానిక్. "వెళ్ళి సంచీ తెచ్చుకో. సీటు దగ్గర ఉంది చూడు." సీటు అన్న మాటని కాస్త ఒత్తి పలికాడు.

ఆమెకు అర్థమైంది.

వ్యాను తలుపు తెరిచేసరికి లోపలి వేడి మొహాన కొట్టింది. కుట్టుపెట్టె తీసి చిన్న కత్తెర పట్టుకుంది. డ్రైవర్ సీటు మీదకు వంగి, మొదటి కుట్టు తెంపింది. తన కుట్టు తనకే లొంగలేదు. అంత గట్టిగా వేసినందుకు తనని తనే తిట్టుకుంది. గుడ్డకి గాటు పడకుండా ఒక్కొక్క దారమే తెంపుతూ పోయింది. తొందరలో కూడా గుడ్డ పాడవకూడదనే అనుకున్నాయి ఆ చేతులు. ముక్క ఊడి వచ్చింది. గుప్పిట్లో పట్టేంత చిన్నది. జాకెట్లో దోపుకుంటే ఎవరికి తెలుస్తుంది? బస్సు దిగాక ఏ కాలవలోనో వేస్తే సరి. తన మొగుడు ఒక తుక్కు ఇంజన్ కొన్న అమాయకుడు, అంతే. పిల్ల గౌను కోసుకుని సీటుకి కుట్టుకున్న మనిషి కాదు.

దోపుకోబోతుంటే వేళ్ళకి ఆ మడత తగిలింది.

ఎవరూ విప్పని మడత. ఇన్నేళ్ళలో ఆ పిల్ల జాడగా మిగిలింది ఈ జానెడు గుడ్డ ఒక్కటే. దీన్ని కూడా కాలవలో వేసేస్తే ఆ తల్లి కష్టం ఎవరికి తెలుస్తుంది? పారెయ్యొద్దు, అని మొగుడి గొంతే చెవిలో వినిపించినట్టయింది. టైలరమ్మ వ్యాను దిగింది. ఆగకుండా నడిచి, గడపలో నిలబడ్డ ఆఫీసరు ముందు చెయ్యి చాపి గుప్పిట విప్పింది.

"ఇది ఇంజన్ గొట్టానికి చుట్టి ఉందమ్మా. మాకు తెలియదు. తుక్కుగుడ్డ అనుకుని సీటుకి అతుకేశాను. మా ఆయన నా కోసం భయపడి చెప్పలేదు. ఆ షెడ్డువాడిని పట్టుకోండి. చేతులు చాలా శుభ్రంగా ఉంటాయి వాడివి."

లోపల బెంచీ మీద మెకానిక్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆఫీసరు ముక్కని అంచు పట్టుకుని తీసుకుంది. వెలుతురుకేసి ఎత్తి చూసింది. గుడ్డ చుట్టూ సూది పోట్లు, వాటిలో ఇంకా వేలాడుతున్న తాజా దారపు తునకలు. తర్వాత తలుపు తెరిచి ఉన్న వ్యాను వైపు చూసింది. ఎండకి వెలిసిన సీటు వీపు మీద చిరుగులోంచి స్పాంజి మళ్ళీ బయటికొచ్చి కనిపిస్తోంది. తర్వాత ఆమె చేతిలో ఇంకా ఉన్న కత్తెర వైపు చూసింది. ఆ సంగతే మర్చిపోయింది టైలరమ్మ.

"తెలియక కుట్టారు, సరే," అంది ఆఫీసరు మెత్తగా. "మరి, నేను వెతికిస్తానన్నాక ఎందుకు విప్పారు?"

టైలరమ్మ గడప అవతల బెంచీ మీది మొగుడి వంక చూసింది.

అవతల బస్సు హారన్ కొట్టింది. ఆఫీసరు ముందు కత్తెర తీసుకుంది. తర్వాత, ఇందాక ముద్ర వేసిచ్చిన పాస్‌పోర్టు కోసం మళ్ళీ చెయ్యి చాపింది.