మైకు మీద ఎర్ర గీత

కసాయివాడికి కళ్ళు లేవు. మొహానికి తోలు ముసుగు, భుజాన గొడ్డలి, అంతే. చెవులు మాత్రం పాముచెవులు. ఆడేవాళ్ళ ఇంట్లో గిన్నె జారిపడినా, ఎవరైనా తుమ్మినా మైకులోంచి విని ఆ గదిలోకి వచ్చేస్తాడు. వచ్చాడంటే తెరంతా నెత్తురే, ఆట అక్కడితో సరి.

వాడి ఇంట్లోంచి తప్పించుకోవడమే ఆట. నలుగురినీ నాలుగు గదుల్లో పెట్టి తాళం వేస్తాడు. ఒకరి తాళం విప్పే అంకె ఇంకొకరి గోడ మీద ఉంటుంది. మాట్లాడుకోకపోతే బయటపడలేరు, గొంతు పెంచితే బతకలేరు. అందుకని ఎవరింట్లో చప్పుడైతే వాళ్ళ మైకు మూసేసే పెత్తనం ఒక్కరికి ఇచ్చుకున్నారు. ఆమెను అందరూ కెప్టెన్ అంటారు.

కెప్టెన్‌ది బజారులో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. అద్దం కోసీ కోసీ వేళ్ళ నిండా సన్నటి గాట్లు. పెత్తనం చెయ్యమంటే కాదనే మనిషి కాదు. పక్కగదిలో ఇంకో కంప్యూటరు ముందు కూర్చునేవాడు ఆమె సొంత తమ్ముడు. టైర్ల షాపులో పని కాబట్టి ట్యూబు అయ్యాడు. మూడోవాడు మందుల షాపు మాత్ర. తలనొప్పి అన్న పాపానికి అన్నానికి ముందా తరవాతా అని పావుగంట చెప్పనిదే వదలడు. నాలుగోది చిలక. కెప్టెన్ దుకాణం పక్కనే సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. కత్తెర కంటే నాలుక చురుగ్గా ఆడుతుందని ఆ పేరు. కాపురం కెప్టెన్ ఇంటి వెనకవీధిలో.

ఈ ఆటల పిచ్చి అందరికంటే చిలకకే ఎక్కువ. ఆదివారం భోజనాలు కాకముందే "అక్కా, మొదలెడదామా?" అని ఫోను. ఎవరైనా ఈ వారం కుదరదంటే బతిమాలేది. "పెళ్ళయి మొగుడింట్లో ఉన్నా ఇంకా చిన్నపిల్లవేనే" అని కెప్టెన్ ఆట పట్టించేది. చిలక నవ్వేసేది.

ఆ మొగుడు లిఫ్టు మెకానిక్. వారమంతా పని, ఆదివారం ఇంట్లో. కుర్రాళ్ళిద్దరూ బావా బావా అని నోరారా పిలిచేవాళ్ళు. కెప్టెన్ దుకాణం ముందునుంచి వెళితే ఆగి "బాగున్నారా వదినగారూ" అనకుండా పోయేవాడు కాదు. వంక పెట్టడానికి లేని మనిషి. కాకపోతే ఆదివారాలు చిలక మైకులో ఆమె మాటల వెనక అతని గొంతు లేచేది. ఏదో కిందపడేది. తెర మీద కసాయివాడు చిలక గది వైపు తిరిగేవాడు. వెంటనే కెప్టెన్ చిలక మైకు మూసేసేది.

ఆట కోసమే మూసిందంటే అబద్ధం. "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట" అని చిన్నప్పటినుంచీ వింది కదా. ఇంటి గొడవ నలుగురి చెవినా పడితే పిల్ల తలెత్తుకోలేదని ఆమె లెక్క. మూసి, కాసేపాగి తెరిచేది. తెరిచాక ఏమైందని అడిగేది కాదు, కుర్రాళ్ళను అడగనిచ్చేదీ కాదు. తను చిలక పరువు కాపాడుతున్నాననే అనుకుంది. ఆ సామెత కట్టినవాడి వీపు ఏనాడూ వాచి ఉండదు.

ఆ ఆదివారం చిట్టచివరి తలుపు దాకా వచ్చారు. ఇన్నాళ్ళలో అంతదూరం ఎప్పుడూ రాలేదు. ముగ్గురి బొమ్మలూ పెరటి గేటు దగ్గర నిలబడి ఉన్నాయి. గేటు తాళంచెవి చిలక బొమ్మ చేతిలో ఉంది.

"నెమ్మదిగా రావే. తలుపు దాటి ఎడంపక్కకి," కెప్టెన్ గుసగుసలాడింది.

"వస్తున్నా అక్కా. ఈ మాత్రగాడు దారికి అడ్డంగా ఎందుకున్నాడు, వాణ్ణి జరగమను..."

చిలక వెనక తలుపు ధడాలుమంది. "నీకు ఎన్నిసార్లు చెప్పాలే?" అని మగగొంతు. తెర మీద కసాయివాడు గిర్రున తిరిగాడు.

"మూసెయ్యక్కా, చస్తాం," అన్నాడు ట్యూబు.

"అక్కా, వద్దు, మూయొద్దు..."

కెప్టెన్ వేలు అప్పటికే నొక్కేసింది. చిలక పేరు పక్కన మైకు బొమ్మ మీద ఎర్ర గీత పడింది. గేటు తెరుచుకునే వేళ మాట తెగిపోతుందని వద్దంటోంది కాబోలు అనుకుంది కెప్టెన్. కసాయివాడు దారి మరచినవాడిలా నడవాలో ఆగిపోయాడు. ట్యూబు ఊపిరి వదిలాడు.

చిలక బొమ్మ మాత్రం గేటు వైపు రాలేదు. వెనక్కి పోయి మూలనున్న ఇనపకడ్డీ తీసుకుని గది తలుపు మీద కొట్టడం మొదలుపెట్టింది. తెరిచి ఉన్న తలుపే అది. కొట్టింది, ఆగింది, మళ్ళీ కొట్టింది.

"దీనికేమైందిరా, పిచ్చిగానీ ఎక్కిందా?" ట్యూబు నవ్వాడు.

కెప్టెన్‌కి కూడా నవ్వొచ్చింది. బొమ్మ కడ్డీని నేలకేసి విసిరింది, తీసింది, మళ్ళీ విసిరింది.

మాత్ర ఒక్కడే నవ్వలేదు. "కెప్టెన్, ఏదో తేడాగా ఉంది. దాని మైకు తెరువు."

"ఉండరా. మొగుడూ పెళ్ళాలు చల్లబడనీ. ఇప్పుడు తెరిస్తే మనకి వినపడిందని అది సిగ్గుతో చస్తుంది."

బొమ్మ చేతిలో కడ్డీ జారిపోయింది. తరవాత గోడ వైపు తిరిగి నడవసాగింది. గోడ తగిలినా ఆగలేదు. గోడకు మొహం ఆనించి, కాళ్ళు మాత్రం అలాగే ఆడిస్తూ నడుస్తూనే ఉంది. మనిషి వేలు మీట మీదనుంచి తియ్యకపోతే బొమ్మలు అలా నడుస్తాయి. ఎంతకీ తియ్యలేదు. కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. ఎర్ర గీత చెరిపేసింది.

మొదట వినిపించింది ఆయాసం, మగవాడిది. తరవాత చెక్క మీద ఏదో మెత్తటిది మోదిన చప్పుడు, మళ్ళీ అదే చప్పుడు. "పిలువు. పిలువు నీ అక్కని," అంటున్నాడు అతను. అరవడం లేదు, మామూలుగా మాట్లాడుతున్నాడు. చిలక గొంతులోంచి నీళ్ళు సుళ్ళు తిరిగినట్టు గరగర తప్ప మాట రాలేదు. తెర మీద కసాయివాడు పరుగున వచ్చి గొడ్డలెత్తాడు. అది ఎవరూ చూడలేదు.

"పోలీసులకి చెప్పరా! అంబులెన్సు పిలువు!" అని మాత్రకు అరిచి కెప్టెన్ లేచింది. ఫ్రేములకు మేకులు కొట్టే సుత్తి చేతికి అందింది. ట్యూబు చక్రాలు విప్పే రెంచి పట్టుకుని వెనకే వచ్చాడు. అక్కాతమ్ముళ్ళు చెప్పుల్లేకుండా వెనకవీధికి పరుగెత్తారు. ఎవరో గుమ్మంలో కూర్చుని ఏమైందని అడిగారు. వీళ్ళు ఆగలేదు.

తలుపు లోపల గడియ వేసి ఉంది. పక్కన కిటికీ. అద్దాన్ని మూలన కొట్టాలి, మధ్యలో కొడితే చెయ్యి పోతుంది. ఆ సంగతి కెప్టెన్‌కి తెలిసినంత ఆ బజారులో ఇంకెవరికీ తెలియదు. మధ్యలోనే కొట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చీలిపోయింది. ఆ నెత్తుటి చేత్తోనే కిటికీ గడియ తీసి లోపల పడింది.

చిలక కుర్చీలోనే ఉంది. చెంప కీబోర్డు మీద. హెడ్‌ఫోను తీగ మెడకు బిగిసి ఉంది, ఆ తీగ మొగుడి ఎడమ పిడికిట్లో ఉంది. కుడిచేత్తో ఆమె జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి బాదుతున్నాడు. మీటల సందుల్లోకి నెత్తురు దిగుతోంది. ఒక పన్ను బల్ల అంచున పడి ఉంది.

అతను తలెత్తి చూశాడు. "మీరెందుకొచ్చారు వదినగారూ?" అన్నాడు. "ఇది మా ఇంటి విషయం."

కెప్టెన్ సుత్తి విసిరి కొట్టింది. భుజానికి తగిలింది. అతను చిలక జుట్టు వదిలి, బల్ల మీదున్న లిఫ్టు పానా అందుకుని ఒక్క దెబ్బ వేశాడు. కెప్టెన్ మెడపక్క ఎముక పుటుక్కుమంది. ఆమె మోకాళ్ళ మీద కూలింది. రెండో దెబ్బ తల మీద పడబోతుండగా ట్యూబు కిటికీలోంచి దూకి రెంచితో అతని మోకాటి చిప్ప పగలగొట్టాడు. నిన్నటిదాకా బావా అని పిలిచిన మనిషిని, కిందపడ్డాక కూడా, డొక్కలో తన్నాడు. ఏడుస్తూ తన్నాడు.

అయినా ఆ ఎడమ పిడికిలి తీగ వదల్లేదు. పడుతూ తీగతో పాటు చిలకను కూడా కుర్చీలోంచి నేలకీడ్చాడు. ఆమె మొహం నల్లబడుతోంది. కెప్టెన్ పాక్కుంటూ వెళ్ళి సుత్తి తీసుకుని ఆ పిడికిలి మీద కొట్టింది. వేళ్ళు విరిగాయి, వదల్లేదు. మళ్ళీ కొట్టింది. వదిలేదాకా కొట్టింది. వదిలాక కూడా కొట్టింది. అతను "అమ్మా" అని అరుస్తుంటే ఆమెకు జాలి వెయ్యలేదు. హాయిగా అనిపించింది, ఉన్నమాట చెప్పుకోవాలి కదా. పోలీసులు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆ సుత్తి ఆగలేదు.

అతను చావలేదు. కాలూ చెయ్యీ కట్లతో పోలీసు కాపలాలో పడి ఉన్నాడు. చిలక కూడా బతికింది. దవడ రెండుచోట్ల విరిగితే తీగలతో కట్టారు.

వీధి వీధంతా కెప్టెన్‌ని ఆకాశానికెత్తేసింది. ఆడది కాదు పులి అన్నారు. ఆ నోటా ఈ నోటా విన్న మాటలు కొంచెం తలకెక్కించుకునే, చేతికి కుట్లతో, మెడకు కట్టుతో, చిలక మాట్లాడగలుగుతోందని తెలిసిన రోజున ఆమె ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని చిలక చెయ్యి పట్టుకుంది.

"నోట్లో నువ్వుగింజ నానని దానివి, ఇంత సంగతి ఎలా దాచావే? నాకొక్క మాట చెబితే ఏనాడో వాడి కాళ్ళు విరగ్గొట్టేదాన్ని కదా."

చిలక పళ్ళ సందుల్లోంచి మెల్లగా మాట్లాడింది. "దాచలేదక్కా. ఆదివారం వాడు ఇంట్లో ఉంటాడు. పొద్దున లేచింది మొదలు కొట్టేవాడు. నలుగురు వింటుంటే మాత్రం చెయ్యెత్తడు, పరువుగల మనిషి. అందుకని మీ ఆటలో చేరా."

కెప్టెన్‌కి వెంటనే అర్థం కాలేదు.

"మొదట్లో బాగానే ఉండేది. నా వెనక నిలబడి తెర చూస్తుండేవాడు. అరిచి ఊరుకునేవాడు. తరవాత కనిపెట్టాడు. కాస్త గట్టిగా అరిస్తే చాలు, నువ్వు ఎర్ర గీత పెడతావని. గీత పడేదాకా అరిచేవాడు. పడ్డాక అరుపు మానేసేవాడు."

"నీ పరువు పోతుందని మూశానే..." అంది కెప్టెన్.

"అలాగా." చిలక కళ్ళు మూసుకుంది. "నీకు వినబుద్ధి కావట్లేదేమో అనుకున్నానక్కా. ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు కదా. అందుకే దుకాణంలో కూడా నీ దగ్గర ఈ మాట ఎత్తలేదు."

కెప్టెన్ ఆమె చెయ్యి వదల్లేదు. ఏడ్చింది, పైట కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "చెప్పవే," అంది. "ఎన్ని ఆదివారాలు మూశానో అన్నీ చెప్పు. ఏం చేశాడో చెప్పు."

చిలక మొదలుపెట్టింది. మొదటిసారి కాలితో తన్నాడు. రెండోసారి కరెంటు తీగ. నర్సు వచ్చి, దవడ కదిలితే కట్టు ఊడుతుందని, మీరిక బయటికి వెళ్ళండమ్మా అని కెప్టెన్‌తో అంది. నిజంగానే లేచి పోదామా అని కెప్టెన్‌కి అనిపించింది, ఇక వినలేక. "కొంచెం సేపు ఉండనివ్వమ్మా," అని నర్సును బతిమాలి, చిలక నోటికి చెవి దగ్గరగా పెట్టింది.