పరాకు

రెండు రోజులుగా తల్లికి ఆ ఆసుపత్రి గదిలో కాలు నిలవడం లేదు. మంచం మీద ఎనిమిదేళ్ళ గువ్వ తలనిండా తీగలతో, వాటి మీద గాజుగుడ్డ తలపాగాతో చిన్న రాజుగారిలా కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తోంది. పిల్ల మెదడులో లేచే ప్రతి తరంగమూ ఆ తీగల వెంట పోయి పక్కగదిలోని తెర మీద గీతై పాకుతుంది. మూర్ఛ వచ్చిందనిపించగానే తల్లి చేతిలోని మీట నొక్కాలి. నొక్కినచోట గీతల మీద గుర్తు పడుతుంది. ఆపరేషన్ చేస్తే మూర్ఛ ఆగుతుందో లేదో ఆ గీతల్ని బట్టే అంచనా కడతారు.

మూర్ఛలన్నీ మెదడులో కుడివైపే పుడుతుంటే ఆ ముక్క తీసేస్తామనీ, అలాంటి పిల్లల్లో నూటికి ఎనభై మందికి మళ్ళీ రాదనీ డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఎడమవైపూ పుడుతుంటే మాత్రం ఆలోచించాలంది. ఎనభై అన్న మాట తల్లి చెవిలో జోరీగలా దూరింది. రెండో మాట గాలికి పోయిందనుకుంది గానీ, పోలేదు.

పెద్ద మూర్ఛ ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎడమచెయ్యి మెలితిరిగి పిల్ల పడిపోతుంది. ఇక్కడ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ మీట నొక్కింది. ఇంకొకటి ఉంది. దానికి ఇంట్లో పేరు పరాకు. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, కళ్ళు ఎటో చూస్తాయి, పిలిస్తే పలకదు. పొగరని తల్లి ఎన్నిసార్లు మొట్టిందో. ఇంకేమైనా వస్తాయా అని డాక్టరమ్మ అడిగితే లేదంది. పరాకును ఎవరైనా జబ్బంటారా?

ఈ ఉదయం పరాకు వచ్చింది. వేలు మీట మీదికి వెళ్ళి ఆగింది. తర్వాత తల్లి లేచి, ఎదుట రికార్డు చేస్తున్న కెమెరాకూ పిల్లకూ మధ్య నిలబడి దుప్పటి సర్దింది. ఎందుకలా నిలబడ్డానని అప్పటినుంచీ తనను తానే నిలదీసుకుంటోంది. మనసు గోడ మీద పిల్లిలా అటూ దూకదు, ఇటూ దూకదు.

మధ్యాహ్నం తీగలక్క వచ్చింది. తీగలు అతికించే టెక్నీషియన్‌కు గువ్వ పెట్టిన పేరది. ఊడిన తీగకు జిగురు పెడుతూ అడిగింది.

"పదీ ఇరవైకి పాప ఏం చేస్తోందమ్మా? ఎడమవైపు గీతలు లేచాయి. కెమెరాలో చూస్తే మీ వీపే కనబడుతోంది."

దుప్పటి సర్దుతున్నానంది తల్లి.

"నలభై సెకన్లా? మా ఇంట్లో దుప్పటికి అంత మర్యాద లేదండీ."

తర్వాత నవ్వు ఆపి, నిదానంగా చెప్పింది. గీతలు లేచినప్పుడు పిల్ల ఆడుకుంటూనే ఉంటే ఒక లెక్క, ఆగిపోతే ఇంకో లెక్క. ఆ సంగతి చూసినవాళ్ళే చెప్పాలి. తప్పు లెక్కతో కోస్తే తీసిన ముక్క తిరిగి రాదు, మూర్ఛా పోదు.

తల్లి తలుపు దాకా వెళ్ళింది. కిటికీ దగ్గరికి వచ్చింది. ఒక్కమాట మింగేస్తే ఎనభై తన దగ్గరే ఉంటుంది.

"ఆగిపోయింది," అంది చివరికి. "రోజూ అయిదారుసార్లు ఆగిపోతుంది. పరాకనుకున్నా."

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ముందుగా అనుకున్న ఆపరేషన్ తేదీ కొట్టేసింది. ఇంకో వారం రికార్డింగు చెయ్యాలంది. ఆ తర్వాత కూడా ఎనభై మాట ఎత్తలేననీ, సగానికి సగం ఉంటే అదే గొప్పనీ దాచకుండా చెప్పి వెళ్ళింది.

గువ్వ రంగులు వెయ్యడం ఆపింది.

"అమ్మా, పరాకు కూడా మూర్ఛేనా?"

"ఊఁ."

"మరి పొగరన్నావుగా."

"అన్నానమ్మా."

"అయితే మా టీచర్‌కి కూడా రాసివ్వు. ఆవిడా అదే అంటుంది."

తల్లి సంచీ అంతా తిరగేసి ఒక కాగితం సంపాదించింది. మా అమ్మాయిది పొగరు కాదు అని రాసింది. దాని కింద, ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు అని రాసి, చాలాసేపు చూసి, ఆ రెండో వాక్యం కొట్టేసింది.