ఎడమ పక్కన చెప్పే మాటలు

తామర దుంపల బొరియల్లో బురద ఒకంతట వదలదు. పుల్లకి గుడ్డ చుట్టి ఒక్కో బొరియలోనూ దూర్చి తిప్పాలి, కుళాయి కింద పట్టాలి, మళ్లీ తిప్పాలి. తాన్ షూయీ ఆ పనిలో ఉండగా అత్తగారు వంటింట్లోకి వచ్చి, కోడలికి ఎడమ పక్కన నిలబడి ఏదో అన్నది. షూయీకి వినపడలేదు. వినపడదని అత్తగారికి తెలుసు. అందుకే ఆ పక్కన నిలబడింది.

అది ఆ ఇంటి అలవాటు. షూయీ చెవిన పడాల్సినవి కుడి పక్కన చెబుతారు. మామగారి పక్క తడిసింది మార్చు, పులుసులో ఉప్పు చాల్లేదు, రేపు మా తమ్ముడు పెళ్లాం పిల్లలతో వస్తున్నాడు, ఇలాంటివి. పడక్కర్లేనివి ఎడమ పక్కన. భోజనాల బల్ల దగ్గర ఆమె కుర్చీ కూడా దానికి తగ్గట్టే వేశారు. ఎడమ వైపు భర్త, అతని పక్కన అత్తగారు, కుడి వైపు గోడ. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మామగారికి గంజి తాగించి, మూతి తుడిచి, షూయీ ఆ కుర్చీలో వచ్చి కూర్చునేసరికి మిగతావాళ్ల భోజనం సగం అయిపోయి ఉంటుంది.

ఎడమ చెవి బీరువా తలుపు తగిలి పోయింది. తెలిసినవాళ్లందరికీ తెలిసిన కథే. కూతురు నీనీ అప్పుడు పాలు తాగే పిల్ల. ఆసుపత్రిలో భర్త కోంగ్ దెలిన్ చెప్పాడు, డాక్టరు రాసుకున్నాడు, షూయీ తల ఊపింది. ఇంటికొచ్చాక దెలిన్ కలకండ వేసి బేరిపళ్లు ఉడికించి గిన్నె చేతికిచ్చాడు. పెళ్లయ్యాక అతను స్టవ్ వెలిగించడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ఆ చెవి అతనికి ఒక సరదా అయిపోయింది. విశ్వవిద్యాలయంలో ఏ విందు జరిగినా రెండో గ్లాసు పడగానే మొదలుపెట్టేవాడు. "మా ఆవిడ ఇంగ్లీషు వినికిడి పాఠాలు చెబుతుంది, చెవి మాత్రం ఒకటే. అందుకే నేను చెప్పినదాంట్లో సగమే వింటుంది." బల్ల చుట్టూ నవ్వులు. అందరికంటే గట్టిగా డీన్ ఊయాంగ్ మేడం నవ్వేది, కళ్లనీళ్లు వచ్చేదాకా. షూయీ కూడా నవ్వేది. నవ్వకపోతే, ఏమిటమ్మా సరదాగా అన్నదానికి కూడా మొహం ముడుచుకుంటావు, అంటారు కదా.

భార్యాభర్తలిద్దరూ ఒకే ఏడాది ఇంగ్లీషు విభాగంలో చేరారు. అప్పట్లో చెవి అంటే షూయీదే. ఏ దేశపు మనిషి ఏ యాసలో నమిలి మింగినా మాటకి మాట విడదీసి చెప్పేది. దెలిన్‌కి అది ఎప్పుడూ చేత కాలేదు గానీ, ఎవరి టీ గ్లాసు ఖాళీ అయిందో కనిపెట్టడం మాత్రం బాగా చేతనయింది. అతను ఉప డీన్ అయ్యాడు. షూయీ మూడో సంవత్సరం పిల్లలకి ఉన్నత స్థాయి వినికిడి, పఠనం చెబుతూ అక్కడే ఉండిపోయింది. ఉండిపోయిందని జనం జాలిపడతారు గానీ, ఆ ల్యాబ్ ఒక్కటే ఆమెకి మిగిలిన చోటు. పిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తలలు వంచుకుంటే గదంతా నిశ్శబ్దమైపోతుంది. ఎదురుగా మైకు, రికార్డు ఆపే బొత్తాం. అక్కడ ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించేది ఆమె. ఇంగ్లీషు మేజరు పిల్లలకి చివర్లో జాతీయ పరీక్ష ఉంటుంది. అది గట్టెక్కితేనే ఏ బడిలోనైనా టీచరుగా నిలబడతారు. వాళ్లకి ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకటే. వినబోయే ముందు ప్రశ్నలు చదవండి. ప్రశ్న తెలిసిన చెవి జవాబు కోసం తనంతట తానే వెతుక్కుంటుంది. ప్రశ్న తెలియని చెవికి అంతా గాలే.

ఈ ఏడు కుడి చెవి కూడా మొరాయించింది. శబ్దం అందుతోంది, మాట విడిపోవడం లేదు. చెవికి మిషను పెట్టించుకుంటానని మెల్లగా అడిగింది. దెలిన్ పేపరు మడవకుండానే జవాబు చెప్పాడు. "మిషను పెట్టుకున్న వినికిడి టీచరా? పిల్లలు నవ్విపోతారు. నా పరువు కూడా కాస్త చూడు." ఆ మాట మాత్రం కుడి పక్కనే చెప్పాడు. అయినా ఆమె నెట్టుకొచ్చింది. పాత పుస్తకంలోని ప్రతి రికార్డూ ఆమెకి కంఠతా వచ్చు. ఎక్కడ ఆ ముసలాయన దగ్గుతాడో, ఎక్కడ ఆ అమ్మాయి ఊపిరి పీలుస్తుందో కూడా తెలుసు. పిల్లలు విన్నారు, ఆమె గుర్తు చేసుకుంది. తేడా ఎవరికీ తెలియలేదు.

సెలవులకి ముందు దెలిన్, సెలవుల తర్వాత చెప్పాల్సిన పుస్తకం మార్పించాడు. అన్నీ కొత్త రికార్డులు, రైల్వే స్టేషన్లో మాట్లాడినట్టు వెనక రొద, ఒకరి మాటలో ఒకరు. కాలానికి తగ్గట్టు మారాలి కదా అన్నాడు. షూయీ నమ్మింది.

ఆ రోజు తామర దుంపలూ పక్కటెముకలూ వేసిన పులుసు బల్ల మీద పెట్టి తన కుర్చీలో కూర్చుంది. బల్లకి ఎదురుగా గిన్నెల బీరువా ఉంది. దాని అద్దం తలుపుల్లో తల్లీకొడుకులిద్దరూ కనపడతారు. ఏళ్ల తరబడి ఆ అద్దంలోకి చూస్తూ అన్నం తింది షూయీ. పెదాల కదలిక మాటగా ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పూటపూటా తనను తిట్టుకునేవాళ్లకి మీ తిట్లు నాకు అందుతున్నాయి అని చెప్పి ఏం బావుకోవాలి?

"ఇంకా ఎన్నాళ్లురా?" అంటోంది అద్దంలో అత్తగారు. "మీ నాన్నని అటూ ఇటూ పొర్లించీ పొర్లించీ నా నడుం పడిపోయింది. అది చూస్తే చెవులకి డిప్పలు తగిలించుకుని ఊరేగుతోంది."

"వచ్చే బుధవారంతో తేలిపోతుందిలే అమ్మా. దాని తరగతి వినడానికి డీన్ మేడంని తీసుకొస్తున్నా. ఆ కొత్త రికార్డులు దానికి ఒక్క ముక్క అర్థం కావు. మేడం కళ్లారా చూస్తే నేను నోరు తెరవక్కర్లేదు."

"ఏడ్చి గోల చేస్తుందేమో."

"ఏడవనీ. ఏడుస్తూ అయినా ఇంట్లో ఉంటుందిగా."

అలా అంటూనే పక్క పళ్లెంలోని చేప దవడ దగ్గరి మెత్తటి ముక్క తినే పుల్లలతో తీసి భార్య గిన్నెలో వేశాడు. ముందుకి వంగి, ఆమెకి వినపడేలా, తిను, చిక్కిపోయావు, అన్నాడు. ఆమె తిన్నది. ముక్క గొంతు దిగింది కూడా. ఇలాంటి ముక్కలు ఎన్నేళ్లుగా దిగుతున్నాయో అనుకుంటే తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

అంతవరకే అయితే ఆమె బహుశా ఊరుకునేది. బుధవారం నాడు తలవంచుకుని ఓడిపోయి, ఇంటికొచ్చి మామగారి దుప్పట్లు ఉతుక్కునేది. ఆడవాళ్లం అలాగే ఊరుకుంటాం, దానికి ఓర్పు అని పేరు పెట్టి మెచ్చుకుంటారు. కానీ ఆదివారం హాస్టలు నుంచి నీనీ వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. అమ్మతో మాట్లాడాలంటే చుట్టూ తిరిగి కుడి పక్కకి రావడం ఆ పిల్లకి నడక నేర్చినప్పటి నుంచీ అలవాటు. బట్టలు విప్పిన చోటే పడేసిందని షూయీ ఒక మాట అంది. నీనీ కుడి పక్కకి రాలేదు. ఎడమ పక్కన నిలబడి, తండ్రి వంక చూస్తూ చిన్నగా ఏదో అంది. తండ్రి ఫక్కున నవ్వాడు. అప్పుడు షూయీ ముందు అద్దం లేదు. తన కూతురు ఏమన్నదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఏమన్నదన్నది ముఖ్యం కూడా కాదు. ఏ పక్కన నిలబడాలో పిల్ల నేర్చుకుంది. ఇంట్లో ఎవరూ దగ్గర కూర్చోబెట్టి నేర్పలేదు, అదే వచ్చింది. షూయీ వంగి, కింద పడున్న గౌను తీసి మడతపెట్టింది.

సోమవారం మధ్యాహ్నం ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని కొత్త రికార్డులు పెట్టి చూసింది. ధ్వని చివరంటా పెంచింది. సముద్రం హోరు. హోరులో అక్కడక్కడా ఒక మాట తేలి మునిగిపోతోంది. హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టేసింది. ఈ తరగతి ఇక తనది కాదు. దెలిన్ చేసిన కుట్ర వల్ల కాకపోయినా, చెవి వల్లనైనా పోతుంది. ఆ నిజం ఒంటరిగా మింగడం ఎంత కష్టమైందో, మింగాక అంత తేలికైంది. ఏడవలేదు. పిల్లలకి ఇన్నేళ్లు చెప్పిన మాట తనకే ఎప్పుడూ తట్టలేదేం అనుకుంది. ప్రశ్న ముందు చదవాలి కదా. తనను ఎవరూ అడగని ప్రశ్న, డాక్టరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. మైకు వంక చూసింది. వినడానికి చెవి కావాలి గానీ, చదివి వినిపించడానికి గొంతు చాలు. టీచరు తన సొంత పాఠం చదివి పిల్లల చేత రాయించే డిక్టేషను, కొత్త పుస్తకంలో కూడా ఉంది. మొదటిసారి మామూలు వేగంతో, రెండోసారి ముక్కలు ముక్కలుగా, మూడోసారి సరిచూసుకోవడానికి.

బుధవారం డీన్ మేడం, దెలిన్ వెనక వరసలో కూర్చున్నారు. తరగతి వినడానికి వచ్చినవాళ్లు ఊరికే కూర్చుంటే కుదరదని, పిల్లలతో పాటు చివరిదాకా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పిల్లలతో పాటు జవాబులు రాయాలని దెలినే ఈ మధ్య కొత్త పద్ధతి పెట్టాడు. షూయీ తప్పు చెబితే డీన్ కాగితం మీదే పట్టుబడాలని అతని ఆలోచన. అతను డీన్ మేడం హెడ్‌ఫోన్ల తీగ సరిచేసి, తనవి పెట్టుకుని, భార్య వంక చూసి ధైర్యం చెబుతున్నట్టు తల పంకించాడు.

ఇవాళ రికార్డు లేదని, తానే చదువుతానని షూయీ చెప్పింది. దెలిన్ కనుబొమలు ముడిపడ్డాయి. మేడం మాత్రం బాగుంది బాగుంది అన్నట్టు కలం తీసింది.

పాఠం చిన్నదే. తేట ఇంగ్లీషు, ఒక్క కష్టమైన మాట లేదు. ఒక ఊళ్లో ఒక టీచరు ఉండేది. ఒకరోజు ఇంటికి అతిథులు వచ్చారు. భర్త ఒక ఇంగ్లీషు మాట తప్పుగా విని తప్పుగా అర్థం చెప్పాడు. ఆమె నవ్వుతూ సరిచేసింది. అతిథులు వెళ్లాక, ఆమె గిన్నెలు కడుగుతుండగా, అతను వెనక నుంచి వచ్చి ఆమె ఎడమ చెవి మీద అరచేత్తో కొట్టాడు. ఆసుపత్రిలో బీరువా తలుపు తగిలిందని చెప్పాడు. ఆమె తల ఊపింది. తర్వాత విందుల్లో అతను ఆ చెవి మీద హాస్యమాడితే అందరూ నవ్వారు. ఇప్పుడు రెండో చెవి కూడా పోతోంది. అది తెలిసి, ఆమెకి వినపడని రికార్డులున్న పుస్తకం అతను ఏరి తెచ్చాడు. ఆమె ఓడిపోవడం చూడటానికి మనుషుల్ని పిలిచాడు.

మొదటిసారి చదివినప్పుడు పిల్లలు కళ్లు మూసుకుని విన్నారు. రెండోసారి ముక్కలుగా చదివితే కలాలు కదిలాయి. అరచేత్తో అన్న మాట దగ్గర షూయీ ఆగింది, అందరూ రాసుకునేదాకా. దెలిన్ చెయ్యి హెడ్‌ఫోన్ల దాకా వెళ్లింది. పక్కన మేడం పెట్టుకునే ఉంది. చెయ్యి కిందికి దిగింది. అతను పెట్టిన పద్ధతి అతన్నే కుర్చీకి కట్టేసింది. ఆ మొహం చూస్తుంటే షూయీకి సంతోషం కలిగింది. మంచి సంతోషం కాదు. అయినా వదులుకోలేదు.

తర్వాత ప్రశ్నలు. మొదటి ప్రశ్న, ఆమె చెవి ఎలా పోయింది? ఎ, తలుపు తగిలి. బి, జ్వరం వచ్చి. సి, చెవిలో నీళ్లు పోయి. డి, భర్త కొట్టి. పిల్లలందరూ డి రాశారు. జాతీయ పరీక్షలో ఇంత సులువైన ప్రశ్న ఎప్పుడూ రాదు. రెండో ప్రశ్న, విందులో ఎవరు నవ్వారు? డీన్ మేడం కలం కాగితం మీద ఆగిపోయింది. కాసేపటికి ఆవిడ పక్కకి వంగి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు మాట్లాడినట్టే కాస్త గట్టిగా, గదంతా వినపడేలా అడిగింది.

"కోంగ్ గారూ, మొదటి ప్రశ్న ఖాళీగా వదిలేశారేం?"

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. షూయీ ఆవిడ పెదాల మీద ఆ మాట చదివింది గానీ, ఏమీ తెలియక అడిగిందో, అన్నీ తెలిసి అడిగిందో అర్థం కాలేదు.

"మూడో ప్రశ్న," అంది షూయీ మైకులో. "ఆ భర్త పేరేమిటి?"

కలాలు ఆగాయి. ముందు వరసలోని లూ జియావ్ అనే అమ్మాయి చెయ్యెత్తింది. బుద్ధిమంతురాలు, ఏ ప్రశ్నా వదలదు. టీచరు కుడి పక్కకి వచ్చి నిలబడి, మాట మాటా విడదీసి చెప్పింది. ఈ పిల్లకి ఎప్పటి నుంచి తెలుసో మరి.

"తాన్ టీచర్, అది మీరు చదివినదాంట్లో లేదు."

"అవును కదా," అంది షూయీ. ఆ అమ్మాయిని వెళ్లి కూర్చోమని, కాగితాలు సరిచేసుకుని, మైకు దగ్గరికి లాక్కుంది. "మూడోసారి చదువుతున్నాను. ఈసారి పేర్లతో."